సీమ చదువుకు సొమ్మెవరిది?

పైదేశాలకు పోయి పెద్ద చదువులు చదవాలనే కోరిక తెలుగువారికి నిన్న మొన్న పుట్టినది కాదు. ఐతే ఆ కోరిక తీరడానికి కావలసిన సొమ్ము ఎవరు ఇచ్చారు, ఏ ఉద్దేశంతో ఇచ్చారు, అది ఎవరికి అందింది, ఎవరికి అందకుండా పోయింది అనే చరిత్ర మనలో చాలమందికి తెలియదు. సంవత్సరాదికి మనమంతా ఒకచోట కలుసుకొన్నప్పుడు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "మా పిల్లకు అమెరికాలో సీటు వచ్చింది. మా వానికి ఫ్రాన్సులో వచ్చింది. వేతనం దొరికే దారి ఏదైనా ఉన్నదా?" అని. ఒక జాబితా రాసి చేతిలో పెడితే ఈ ప్రశ్నకు జవాబు అవుతుందని కొందరంటారు. జాబితాలు ఏటేటా మారిపోతాయి. దారులు ఎట్లా పడ్డాయో తెలిసినవాడు మాత్రం కొత్త దారి కనిపించినప్పుడు గుర్తుపట్టగలడు. అందుచేత ఈ సంచికలో ఆ చరిత్రను కొంత మనవి చేయదలచాము. దానిని యానాంలోని అడవిపొలం దగ్గర నిలబడి చెప్పదలచాము.

అడవిపొలమే ఎందుకని పాఠకులు అడగవచ్చును. గోదావరి గౌతమీ పాయనుండి కోరంగి పాయ విడిపోయే చోట యానాం ఉన్నది. మొత్తం సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది జనం. అందులో ఒక భాగం అడవిపొలం. అడవి పొలంగా మారిన చోటని పేరే చెబుతున్నది. చుట్టూ గోదావరి జిల్లాల నేలే. భాష తెలుగే, పండుగ ఉగాదే, పంట వరే. ఐనా రెండు వందల ఏండ్లకు పైగా ఈ ముక్క పరాసుల ఏలుబడిలో ఉన్నది. ఫ్రెంచివారిని మన పెద్దలు పరాసులనేవారు. పొలిమేర దాటితే నీలపల్లి, ఇంజరం. అక్కడ ఇంగ్లీషువారి వర్తకస్థానాలు. ఒకే నీటి కాలువలు, ఒకే గాలి. కాని గట్టుకు ఇవతల పుట్టిన పిల్లవానికి పైచదువు దారి పాండిచ్చేరి మీదుగా పారిసుకు పోయేది. అవతల పుట్టినవానికి కాకినాడ, మద్రాసు మీదుగా లండనుకు పోయేది. సొమ్ము ఏ జెండా కింద ఉంటే చదువు ఆ వైపుకు నడిచిందని చూపడానికి ఇంతకన్న మంచి చోటు తెలుగుదేశంలో మరొకటి లేదు.

పరాసుల దారి

యానాం రేవునుంచి మొదట సముద్రం దాటినవారు విద్యార్థులు కారు, కూలీలు. 1828లో ఇక్కడినుంచి కొద్దిమంది తెలుగు కూలీలను ఫ్రెంచివారి రీయూనియన్ దీవికి చెరకు తోటలలో పనికి తీసుకొని పోయారు. హిందూదేశంనుంచి ఆ దీవికి ఒప్పందపు కూలీలను పంపడం వారితోనే మొదలైనది. ఈ సంగతిని మొదటనే చెప్పడానికి కారణం ఉన్నది. ఏలికలకు మన మనుషుల కండబలం కావలసినప్పుడు ఓడ వెంటనే దొరికింది. బుద్ధిబలం కావలసినప్పుడు మాత్రం ఎంతో ఆలస్యంగా దొరికింది.

ఫ్రెంచివారు చదువు చెప్పలేదని అనడం న్యాయం కాదు. పాండిచ్చేరిలో 1823లో వైద్య పాఠశాల, 1826లో ఫ్రెంచి ఉన్నత పాఠశాల, 1838లో న్యాయశాస్త్ర పాఠశాల ఏర్పడినాయి. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టిందని గుర్తుంచుకొంటే ఇవి ఎంత పాతవో తెలుస్తుంది. కాని అడవిపొలం పిల్లవాడు వాటిని అందుకోవాలంటే 800 కిలోమీటర్లకు పైగా, పరాయి ప్రభుత్వపు నేలమీదుగా ప్రయాణం చేయాలి. అక్కడ తమిళం మాట్లాడే ఊరిలో ఫ్రెంచిలో చదవాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఫ్రెంచి. ఇంతచేసి బకలోరియా పరీక్ష నెగ్గినవానికి పారిసు, మోపెలియే వంటి విశ్వవిద్యాలయాల తలుపు చట్టప్రకారం తెరిచే ఉండేది. తలుపు తెరిచి ఉండడం వేరు, దారిఖర్చు ఉండడం వేరు. ఓడ ఖర్చు, చలిబట్టల ఖర్చు, ఏండ్ల తరబడి తిండి ఖర్చు ఇచ్చుకోగల కుటుంబాలు యానాంలో ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చును.

ఫ్రెంచివారు విద్యార్థివేతనాన్ని 'బూర్సు' అంటారు. డబ్బుసంచి అని ఆ మాటకు మొదటి అర్థం. సంచి ఎవరి చేతిలో ఉంటే వారి అవసరమే ముందు నడుస్తుంది. ఫ్రెంచి ఇండియాలో చదువుకొన్న యువకులు అవసరమైనది ఇండోచైనాలో. సైగాను కచ్చేరీలలో, సుంకపు శాఖలో, పోలీసులో గుమాస్తాలుగా, అధికారులుగా పాండిచ్చేరి ప్రాంతాలవారు ఎందరో పనిచేశారు. 1881లో వచ్చిన ఒక ఆజ్ఞ ప్రకారం తమ కులమతాచారాల చట్టాన్ని వదులుకొని ఫ్రెంచి పౌరచట్టం కిందకు వచ్చినవారికి ఆ కొలువుల దారి ఇంకా సులువైనది. చదువు అక్కడ కొలువుకు మెట్టు. కొలువు సామ్రాజ్యానికి స్తంభం. పండితుడు తయారైతే అది అదనపు లాభం.

ఇంగ్లీషువారి దారి

గట్టుకు అవతల సంగతి చూద్దాము. ఇంగ్లాండులోని గిల్‌క్రైస్టు ట్రస్టువారు 1868నుంచి హిందూదేశపు విద్యార్థులకు పోటీ పరీక్షపెట్టి వేతనాలు ఇచ్చారు. 1882లో ప్రఫుల్ల చంద్ర రాయ్ ఆ వేతనంమీదనే ఎడింబరో వెళ్ళి రసాయనశాస్త్రవేత్త అయినారు. హైదరాబాదులో పుట్టిన సరోజినీదేవి 1895లో నిజాము ఇచ్చిన వేతనంతో లండను, కేంబ్రిడ్జిలలో చదివారు. తెలుగువారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారు 1902లో భారతప్రభుత్వ వేతనంతో కేంబ్రిడ్జి సెంట్ జాన్సు కళాశాలలో చేరి చరిత్ర చదివారు. ఆయన తిరిగి వచ్చి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులైనారు. ఒక్క వేతనం ఒక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టడానికి పనికివచ్చిందంటే అతిశయోక్తి కాదు.

స్వదేశీయుల సొమ్ముతో నడిచిన నిధులలో పెద్దపేరు జంషెట్జీ టాటా 1892లో స్థాపించినది. అది దానం కాదు, అప్పు. చదివినవాడు సంపాదించి తీరిస్తే ఆ సొమ్ముతో మరొకడు వెళతాడు. ఈ ఏర్పాటువల్ల నిధి తరగక నూటముప్పై ఏండ్లు దాటినా నడుస్తూనే ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు 1946లో టాటా వేతనంతోనే స్టాన్‌ఫర్డు వెళ్ళారు. తరువాత హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను కట్టి వేలమందికి పని కల్పించారు.

సంస్థానాధీశుల వేతనాలకు కూడ షరతులు ఉండేవి. 1913లో అంబేద్కరుగారు కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయినది బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌన్ల వేతనంమీద, మూడేండ్లకు. తిరిగివచ్చి పదేండ్లు బరోడా కొలువు చేయాలని పత్రం రాసి ఇచ్చారు. వచ్చిన తరువాత ఆ ఊరిలో ఆయనకు ఉండడానికి ఇల్లు దొరకలేదు. వేతనం మనిషిని సముద్రం దాటించింది గాని, స్వదేశంలో వీధి దాటించలేకపోయింది. సొమ్ము చేయగల పనికీ చేయలేని పనికీ ఇంతకన్న పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

రంగూను సొమ్ము

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రభువుల సొమ్ము, కోటీశ్వరుల సొమ్ము. ఇప్పుడు మేము చెప్పబోయేది మనవంటి వలసవాని సొమ్ము. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

అడవిపొలానికి దగ్గరలోనే కోరంగి. ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు. 1839లో వచ్చిన తుపాను ఆ రేవును ముంచివేసింది. తరువాత కాకినాడ పైకి వచ్చింది. కాని కోరంగి పేరు బర్మాలో నిలిచిపోయింది. గోదావరి, విశాఖపట్టణం జిల్లాలనుంచి రంగూను పోయిన తెలుగు కూలీలందరినీ అక్కడ 'కోరంగీలు' అనే పిలిచేవారు. వారు ధాన్యపు మిల్లులలో, రేవులో, రిక్షాలు లాగే పనిలో ఒళ్ళు వంచి బతికినవారు. 1930 మే నెలలో రంగూను రేవులో జరిగిన అల్లర్లలో వారిలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకొన్నారు. 1942లో యుద్ధం వచ్చినప్పుడు మిగిలినవారిలో వేలమంది కాలినడకన అడవులు దాటి స్వదేశం చేరారు. మన వలస చరిత్రలో ఇది మరువరాని ఘట్టం.

అట్లా రంగూను పోయినవారిలో ఒకరు మల్లాడి సత్యలింగ నాయకరుగారు. కోరంగి ప్రాంతపు మత్స్యకారుల కుటుంబంలో పుట్టారు. రంగూను రేవులో ఓడల సరుకు ఎత్తి దించే పనిలో పైకివచ్చి చాల ధనం ఆర్జించారు. ఆ ధనాన్ని చదువులకు, ధర్మకార్యాలకు రాసి ఇచ్చారు. కాకినాడలో ఆయన పేర వెలసిన ధర్మసంస్థ పాఠశాలలు, కళాశాల నడిపింది. ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అంటే గోదావరి జిల్లాలో తెలియనివారు లేరు.

ఆ సంస్థ తలుపు తట్టినవారిలో ఒక యువవైద్యుడు ఉన్నాడు. ఆయన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదువుతూ విదేశీ బట్ట మాని ఖద్దరు కట్టినందుకు పై అధికారి ఆగ్రహానికి గురై, ఎం.బి. పట్టాకు బదులు చిన్న పట్టాతో బయటపడినవాడు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోవడం కళ్ళారా చూసినవాడు. ఆ జబ్బులకు మందు కనిపెట్టే చదువు అమెరికాలో ఉన్నదని తెలుసుకొన్నాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల వైద్యశాఖలో చేరడానికి అవకాశం వచ్చింది. వేతనం రాలేదు. అప్పుడు సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. అనపర్తి కాపురస్థులైన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు మరికొంత సొమ్ము సమకూర్చారు. 1920ల తొలి ఏండ్లలో ఆయన బోస్టను చేరారు. తెచ్చుకొన్నది చాలక ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపు పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని కూడ చేశారు.

తరువాతి కథ లోకానికి తెలుసును. రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను గుర్తించిన పని ఆ వెంటనే జరిగింది. 1930లో హార్వర్డు డాక్టరు పట్టా వచ్చింది. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి పరిశోధనలకు నాయకత్వం వహించారు. అన్నదమ్ములను పొట్టన పెట్టుకొన్న స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయడం, రక్తపు కాన్సరుకు తొలి మందులు, ఆరియోమైసిన్ అన్నీ ఆయన జట్టు కృషే. 1947లో ఆ జట్టే బోదకాలు వ్యాధికి డైఈథైల్ కార్బమజీన్ అనే మందు తెచ్చింది. 1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు.

బోదకాలు అంటే గోదావరి డెల్టావారికి వేరే చెప్పాలా? ఆరోగ్యశాఖవారు ఇంటింటికి వచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్రలు ఆ మందే. కోరంగిలో పుట్టినవాడు రంగూనులో చెమటోడ్చి సంపాదించిన సొమ్ము భీమవరం కుర్రవాణ్ణి బోస్టను పంపడానికి చేయి అందించింది. అది ఇరవై ఐదేండ్ల తరువాత మాత్రగా మారి డెల్టాలో పేదవాని గుమ్మంలోకి తిరిగివచ్చింది. ఇంతకన్న పెద్ద వడ్డీ ఏ బ్యాంకు ఇస్తుంది? ఈ సాయంలో జెండా లేదు, కొలువు షరతు లేదు, ఏ సామ్రాజ్యపు అవసరమూ లేదు. ఊరు విడిచిపోయినవాడు ఊరివానికి ఇచ్చిన చేయూత మాత్రమే ఉన్నది.

స్వరాజ్యం వచ్చిన తరువాత

1947 తరువాత దారులు పెరిగాయి. ఒక్కొక్క దారి వెనుక ఒక్కొక్క కథ ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో మిగిలిన సామగ్రిని పరదేశాలలో అమ్మగా వచ్చిన సొమ్ముతో విద్యార్థులను, పండితులను ఇచ్చిపుచ్చుకోవాలని 1946లో అమెరికా సెనేటరు ఫుల్‌బ్రైట్ చట్టం చేయించారు. 1950 ఫిబ్రవరి 2న నెహ్రూగారు ఆ ఒప్పందంమీద మనదేశం తరఫున సంతకం చేశారు. 2008నుంచి రెండు ప్రభుత్వాలూ ఖర్చు పంచుకొంటూ దానికి ఫుల్‌బ్రైట్–నెహ్రూ వేతనాలని పేరు పెట్టాయి. 1951లో మనకు తిండిగింజలు చాలక అమెరికానుంచి 19 కోట్ల డాలర్ల అప్పుతో గోధుమలు తెచ్చుకొన్నాము. దానిమీద మనం కట్టే వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు చదువుల ఇచ్చిపుచ్చుకోలుకు కేటాయించారు. మన పండితుల ప్రయాణాలకు, మన విశ్వవిద్యాలయాల పుస్తకాలకు ఆ వడ్డీ పనికివచ్చింది. ఆకలి తీర్చుకోవడానికి చేసిన అప్పు ఆ విధంగా గ్రంథాలయం నింపింది.

1959లో ఆక్స్‌ఫర్డులో జరిగిన సభలో కామన్‌వెల్తు వేతనాలు నిర్ణయమైనాయి. జర్మనీవారి డాడ్ సంస్థ 1925లో పుట్టి, యుద్ధం తరువాత 1950లో మళ్ళీ తలెత్తింది. జపాను ప్రభుత్వం 1954లో వేతనాలు మొదలుపెట్టింది. 1960లో మాస్కోలో ప్రజామైత్రి విశ్వవిద్యాలయం తెరిచి, ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులను పిలిచారు. అమెరికా పిలుపులోనూ రష్యా పిలుపులోనూ స్నేహం ఎంత ఉన్నదో పోటీ కూడ అంత ఉన్నది. మన పిల్లలు ఆ పోటీలో లాభపడ్డారు.

మన ప్రభుత్వం చేసిన పనులలో 1954–55లో మొదలైన జాతీయ విదేశీ విద్యార్థివేతనం ముఖ్యమైనది. షెడ్యూల్డు కులాలు, సంచారజాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ వృత్తికళాకారుల బిడ్డల కోసం ఏర్పడిన పథకం ఇది. ఇటీవలి ఏండ్లలో దీనికింద ఏటా 125 స్థానాలు ఇస్తున్నారు. గిరిజనులకు వేరే పథకం ఉన్నది. 2022లో ఈ పథకపు నిబంధనలు మార్చి, భారతదేశ చరిత్ర, సంస్కృతి, సమాజం గురించి విదేశాలలో చదవడానికి వేతనం లేదన్నారు. దీనిని కొందరు సమర్థించారు, కొందరు ఆక్షేపించారు. సంచి పట్టుకొన్నవారే ఏది చదవాలో కూడ నిర్ణయిస్తారన్న పాతమాట మాత్రం మళ్ళీ రుజువైనది.

గట్టు చెరిగిన తరువాత

యానాంలో 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన కూలిపోయింది. ఆ ఏడే నవంబరు 1న పాండిచ్చేరితోపాటు పరిపాలన మన ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956 మే 28న ఒడంబడికమీద సంతకాలు జరిగాయి. 1962 ఆగస్టు 16నుంచి అది అమలులోకి వచ్చింది. ఇష్టమున్నవారు ఆరునెలల లోపల ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకొంటామని రాసి ఇవ్వవచ్చునని అందులో ఒక నిబంధన పెట్టారు. ఆ కాగితం రాసి ఇచ్చినవారి మనుమలకు ఫ్రాన్సు చదువు పరదేశపు చదువు కాదు, స్వదేశపు చదువే. రాయని పొరుగింటివారి మనుమలకు అది వీసా, రుసుము, బ్యాంకు నిలువ అన్నీ చూపవలసిన విదేశం. పూర్వం గట్టు ఊరి పొలిమేరలో ఉండేది. ఇప్పుడది ఇంటికీ ఇంటికీ మధ్యకు వచ్చింది.

మరొక చిక్కు ఉన్నది. యానాం తెలుగునేల నడుమ ఉన్నా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. తెలంగాణ ప్రభుత్వం అంబేద్కర్ విదేశీ విద్యానిధి పేర 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో కూడ ఇటువంటి పథకాలు ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మార్చుకొంటూ వచ్చాయి. ఇవన్నీ ఆయా రాష్ట్రాల స్థానికులకే. తాళ్ళరేవు పిల్లవాడు అడగగలిగినది అడవిపొలం పిల్లవాడు అడగలేడు. అతడు పుదుచ్చేరి వైపూ ఢిల్లీ వైపూ చూడాలి. మన సంఘంలోని తల్లిదండ్రులు కూడ ఈ మాట గమనించాలి. ఊరు విడిచి వచ్చినవారి పిల్లలకు స్థానికత ఏ రాష్ట్రంలో ఉన్నదో దరఖాస్తు నాటికి కాక, రెండేండ్లు ముందే విచారించుకోవాలి.

ఐతే అడవిపొలం నేడు పూర్వపు అడవిపొలం కాదు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1985లో ఏర్పడిన తరువాతి కాలంలో ఇక్కడనే రీజెన్సీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే ఇంజనీరింగు కళాశాల వెలసి ఆ విశ్వవిద్యాలయపు పట్టాలకు చదువు చెప్పింది. చదువుకోసం 800 కిలోమీటర్లు పోవలసిన ఊరికి చదువే నడిచివచ్చింది. పట్టా ఇంటిదగ్గర దొరికినవాడు తరువాతి మెట్టుకు సముద్రంవైపు చూడడం సహజం. ఆ మెట్టు దగ్గర మన పిల్లలలో ఎక్కువమంది ఎంచుకొంటున్నది వేతనం కాదు, బ్యాంకు అప్పు. ఇల్లు, పొలం కుదువపెట్టి వెళుతున్నారు. వెళ్ళినచోట పని దొరకకపోతే ఆ పొలం గతి ఏమిటి? ఈ ప్రశ్న ఇప్పుడు తెలుగుదేశంలో ఇంటింటి ప్రశ్న.

తెలుసుకోవలసిన సంగతులు

చరిత్ర చెప్పి ఊరుకోక, దానినుంచి తేలిన నాలుగు సంగతులు కూడ మనవి చేస్తాము.

మొదటిది, ఇచ్చేవాని ఉద్దేశం తెలుసుకోవాలి. ఫుల్‌బ్రైట్ వేతనం రెండు దేశాల మధ్య స్నేహం కోసం ఏర్పడింది. అందువల్ల ఎం.ఎస్. వంటి చదువులకు అడిగేవారికి మూడేండ్ల ఉద్యోగానుభవం ఉండాలంటారు. చదువు ముగిసినాక స్వదేశంలో రెండేండ్లు గడిపితేగాని అమెరికాలో ఉద్యోగపు వీసాకు అర్హత లేదంటారు. అక్కడనే స్థిరపడదలచినవాడు ఆ వేతనం అడగడం ఇద్దరికీ నష్టమే. బ్రిటిషు ప్రభుత్వపు చీవెనింగ్ వేతనం రేపటి నాయకులను వెతుకుతుంది. దానికి రెండేండ్ల పని అనుభవం కావాలి. టాటా నిధి నేటికీ అప్పే. తీర్చవలసిందే.

రెండవది, అడిగే దారి తెలుసుకోవాలి. ఫ్రెంచి ప్రభుత్వం 1999లో పెట్టిన ఈఫెల్ వేతనానికి విద్యార్థి తానుగా దరఖాస్తు పెట్టలేడు. చేర్చుకొనే విద్యాసంస్థే అతని పేరు పంపాలి. అందువల్ల ముందు ఆ సంస్థకు రాయాలి. మన దేశపు విద్యార్థులకే ప్రత్యేకంగా ఫ్రెంచి రాయబార కార్యాలయం ఇచ్చే షార్పాక్ వేతనం, పరిశోధక విద్యార్థులకు రామన్–షార్పాక్ వేతనం ఉన్నాయి. తాతల నాటి ఫ్రెంచి మాటలు ఇంకా చెవిలో ఉన్న యానాం కుటుంబాలు వీటివైపు చూడకపోవడం విచారకరం.

మూడవది, పేరులో వేతనమని లేకపోయినా వేతనమైనవి ఉన్నాయి. అమెరికాలో పరిశోధక పట్టాకు, అనగా పిహెచ్.డి.కి చేరేవారిలో చాలమందికి విశ్వవిద్యాలయమే రుసుము మాఫీచేసి, పాఠం చెప్పడంలోనో పరిశోధనలోనో సహాయకులుగా పెట్టుకొని నెలజీతం ఇస్తుంది. ఎం.ఎస్. చదువుకు ఇది అరుదు. ఈ తేడా తెలియక పరిశోధనకు తగిన పిల్లలు కూడ అప్పుచేసి ఎం.ఎస్.కే పోతున్నారు.

నాలుగవది, కాలం. ఏ పెద్ద వేతనమైనా చదువు మొదలుకావడానికి ఏడాది ముందే, ఒక్కొక్కప్పుడు ఏడాదిన్నర ముందే అడగాలి. గురువులచేత యోగ్యతాపత్రాలు రాయించుకోవడానికి వ్యవధి కావాలి. సీటు వచ్చిన తరువాత వేతనం వెతికేవాడు రైలు కదిలిన తరువాత టిక్కెట్టు కొనేవానివంటివాడు. వేతనం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగే దళారులను నమ్మరాదు. విద్యార్థికి ఇవ్వడానికి పెట్టిన నిధి విద్యార్థినే దోచుకోదు.

మనం చేయగలిగినది

ఇన్ని దారులు ఉండి కూడ అడవిపొలంవంటి చోట్ల పిల్లలకు అవి అందకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, చెప్పేవారు లేకపోవడం. పట్టణంలో పెద్ద కళాశాల పిల్లవానికి సీనియరు చెబుతాడు. ఇంట్లో మొదటిసారి పట్టా పుచ్చుకొన్న పిల్లకు ఎవరు చెప్పాలి?

మన సంఘం పెద్దలకు మూడు విన్నపాలు చేస్తున్నాము. మనలో పైదేశాలలో చదివినవారు, చదువుతున్నవారు ఎవరెవరు ఏ వేతనంతో వెళ్ళారో ఒక పుస్తకంలో రాసి ఉంచుదాము. అడిగిన పిల్లలకు జాబు రాసే బాధ్యత వారిలో ఒక్కొక్కరు ఒక్కొక్కరికి తీసుకొందురు గాక. రెండవది, ఏటా వేసవిలో సొంత ఊళ్ళకు పోయినప్పుడు అక్కడి కళాశాలలో ఒక్క పూట కూర్చుని ఈ సంగతులు తెలుగులో చెబుదాము. మూడవది, టాటావారి పద్ధతిలో ఒక చిన్న నిధి. మొత్తం చదువు ఖర్చు మనం భరించలేము. పరీక్ష రుసుము, దరఖాస్తు రుసుము, మొదటి విమానపు టిక్కెట్టు మనం ఇవ్వగలము. తీసుకొన్నవారు సంపాదించిన నాడు తిరిగి ఇస్తారు, మరొకరు వెళతారు. చాల కుటుంబాలలో ప్రయాణం ఆగిపోయేది ఈ చిన్న ఖర్చుల దగ్గరనే.

కోరంగి రేవు ఏనాడో పూడిపోయింది. రంగూనులో కోరంగీల వీధులు మాసిపోయాయి. సత్యలింగ నాయకరుగారు ఇచ్చిన సొమ్ము మాత్రం మందుగా మారి నేటికీ మనుషులను కాపాడుతున్నది. ఆయన వలసపోయినవాడే, మనమూ వలసవచ్చినవారమే. ఈ కొత్త సంవత్సరంలో ఒక్క పిల్ల, ఒక్క పిల్లవాడు మన చేయూతతో సముద్రం దాటితే మన సంఘం స్థాపించినందుకు ఫలితం దక్కినట్లే. పాఠకులందరికీ సంవత్సరాది శుభాకాంక్షలు.